కొబ్బరితోటలో ఎలక్ట్రానిక్ బృందగానం: ఊళ్ళో కచేరీ ఎలా పెట్టాలి

మా మొదటి రిహార్సల్లో భజన మండలి పెద్దాయన తాళాలు కింద పెట్టేసి నా ల్యాప్‌టాప్ వైపు చూశారు. "ఏరా అబ్బాయ్, మీ మిషను ఊపిరి తీసుకోదేంట్రా?" అన్నారు. "తీసుకోదు మావయ్యగారూ, అలా వెళ్ళిపోతూనే ఉంటుంది" అన్నాను. "మరి మేం తీసుకోవాలి కదా!" అన్నారాయన.

ముప్పై మంది పాడుతుంటే పక్కన సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) మోగాలి, వెనక తెర మీద బొమ్మలు కదలాలి, జనం చాపల మీద కూర్చుని వినాలి. ఇలాంటి కచేరీ మీ ఊళ్ళో పెట్టాలనుకుంటే ముందు పెద్దాయన అడిగిన ఆ ప్రశ్నకి జవాబు వెతకండి. పాటలోనూ మైకుల్లోనూ తెర దగ్గరా, ప్రతిచోటా గొంతుల ఊపిరిని బట్టే యంత్రం నడవాలి. అది తిరగబడితే జనానికి రికార్డు పెట్టి పెదాలు కదిపినట్టే ఉంటుంది. ఈ పద్ధతి కోనసీమలో ముప్పై మంది గాయకులకీ, మూడొందల మంది శ్రోతలకీ సరిపోయే లెక్కతో రాస్తున్నాను.

గొంతులు ఊళ్ళోనే ఉన్నాయి

కొత్తగా బృందాన్ని తయారు చెయ్యక్కర్లేదు. రామాలయంలో భజన మండలి ఉంటుంది. చర్చిలో క్వయర్ ఉంటుంది. కోలాటం జట్టు ఉంటుంది. ఊడుపుల్లో పాడే ఆడవాళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఒక్కో జట్టు దగ్గర ఒక్కో విద్య ఉంది. చర్చి క్వయర్‌కి సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని గొంతులు విడిపోయి, ఒకరి స్వరం పక్కన ఇంకొకరు వేరే స్వరం పట్టుకుని నిలబడడం అలవాటు. భజన వాళ్ళకి ఒకరు అందించడం, అందరూ అందుకోవడం, నెమ్మదిగా కాలం పెంచుకుంటూ పోవడం తెలుసు. ఊడుపు పాటల ఆడవాళ్ళది బాగా విప్పిన గొంతు, మైకు లేకుండానే నాలుగు మళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఈ మూడూ కలిస్తే వచ్చే రంగు ఏ స్టూడియోలోనూ దొరకదు.

మొత్తం ఇరవై నాలుగు నుంచి ముప్పై మందిని తీసుకోండి. అంతకు మించితే ఒకేసారి అక్షరం పలికించడానికే రిహార్సల్ సమయమంతా అయిపోతుంది. పిలవడానికి ఫోన్ చెయ్యకండి, ఇంటికి వెళ్ళండి. భజన మండలి పెద్దని ముందు కలిసి, ఆయన ద్వారా మిగతావాళ్ళని అడగండి. చర్చి అయితే పాస్టరుగారితో మాట్లాడాకే క్వయర్ లీడర్‌తో మాట్లాడండి. వరస తప్పితే పని ఆగిపోతుంది.

మన దేశంలో చాలా గొంతులతో పాడించడాన్ని ఒక కళగా నిలబెట్టినవాళ్ళలో ఎం.బి. శ్రీనివాసన్ గారు ముఖ్యులు. మద్రాస్ యూత్ క్వయర్‌తో ఆయన భారతీయ భాషల పాటల్నే అనేక గొంతుల్లో పాడించారు. యంత్రం సంగతీ అంత కొత్తదేం కాదు. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. సంగీతం మాస్టారి ఇంట్లో మోగే ఎలక్ట్రానిక్ తంబూరా కూడా సింథసైజర్‌కి చుట్టమే. బృందంలో పెద్దవాళ్ళు యంత్రం అనగానే బెదిరితే ఆ తంబూరానే ముందు పెట్టి చూపించండి.

మాట, శ్రుతి

పాట ఏదన్నది సున్నితమైన సంగతి. చర్చి క్వయర్‌తో కీర్తన పాడించాలనీ, భజన వాళ్ళతో ఇంకోటి పాడించాలనీ పట్టుబట్టకండి. అందరూ నిండు మనసుతో పాడగలిగే మాట కావాలి. మన దగ్గర దానికి కొరత లేదు. గోదావరి ఉంది, పడవ ఉంది, వాన ఉంది, రేవు ఉంది. పడవ వాళ్ళ హైలెస్సా ఏ మతానిదీ కాదు. మేం సొంతంగా రాసుకున్నాం. మొదటి పాట పల్లవి ఇంతే:

రేవు దాటు రేవు దాటు
నీటి మీద నీడ దాటు

ఇంత చిన్న మాట ఎందుకంటే, తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ముప్పై మంది కలిసి "నీ" అని దీర్ఘం పట్టుకుంటే దాన్ని యంత్రంతో సాగదీసినా, పైన ప్రతిధ్వని పోసినా అందం చెడదు. అదే స్త, ష్ట, క్ష లాంటి ఒత్తులు వరసగా ఉన్న సమాసాలు పెడితే ముప్పై మంది ముప్పై క్షణాల్లో పలుకుతారు. ఆ మీద రివర్బ్ పడితే మాట ముద్దయిపోతుంది. కాబట్టి సాగే చోట దీర్ఘాలు, దరువు ఉన్నచోట టకటక పలికే హ్రస్వాలు వేసుకోండి. సొంత సాహిత్యం వద్దనుకుంటే జానపదాలు తీసుకోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళని అడిగి, వేదిక మీద వాళ్ళ పేరు చెప్పి పాడండి. అచ్చయిన పాటకి కవి, స్వరకర్త చనిపోయాక 60 ఏళ్ళ వరకూ కాపీరైట్ ఉంటుంది. సినిమా పాట ముక్కని ల్యాప్‌టాప్‌లో వేసి వాడేద్దాం అన్న ఆలోచన మొదట్లోనే వదిలెయ్యండి.

శ్రుతి దగ్గర చాలామంది దెబ్బతింటారు. కచేరీల్లో మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నరలో పాడతారు, ఆడవాళ్ళు అయిదు, అయిదున్నరలో. ఇద్దర్నీ కలిపి పాడించేటప్పుడు ఏ ఒక్కరి శ్రుతి పట్టుకున్నా రెండోవాళ్ళకి అయితే గొంతు చిరుగుతుంది, లేకపోతే లోపలికి పోతుంది. రెండు లేదా రెండున్నర శ్రుతి పెట్టుకోండి. హార్మోనియం మీద అది డి, డి షార్ప్. పాటని మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి తార షడ్జమం (పై స్థాయి స) దాకా ఉంచితే ఆడవాళ్ళు, వాళ్ళకి ఒక స్థాయి కింద మగవాళ్ళు, ఇద్దరూ హాయిగా పాడతారు. ఇంకోటి. తోడు లేకుండా పాడే బృందం మెల్లగా కిందికి జారుతుంది. పది నిమిషాల పాట చివర్లో సింథసైజర్ వచ్చి కలిస్తే తేడా జనం మొహం మీదే తెలుస్తుంది. అందుకని మొదటి నుంచి చివరి దాకా తంబూరా నాదం సన్నగా మోగుతూనే ఉండాలి. సింథసైజర్‌నీ తంబూరానీ ఒకే ప్రమాణానికి, 440 హెర్ట్జ్‌కి, కట్టుకున్నారో లేదో ప్రతి రిహార్సల్‌కీ ముందు చూసుకోండి.

రేవులో శబ్దం పట్టడం

ల్యాప్‌టాప్‌లో వచ్చే రెడీమేడ్ శబ్దాలతో కచేరీ నడిపించొచ్చు. కానీ వద్దు. మీ చుట్టూ ఉన్న శబ్దాలు పట్టుకోండి. బండార్లంక వైపు మగ్గం చప్పుడు మంచి దరువు. బియ్యం మిల్లు, పీచు మిల్లు, ధవళేశ్వరం బ్యారేజీ గేట్ల కింద నీటి హోరు, అన్నీ పనికొచ్చేవే.

నాకు బాగా కలిసొచ్చింది పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే ఇంజను పడవ. సఖినేటిపల్లి రేవులో నర్సాపురం వెళ్ళే పంటు ఎక్కండి. మోటారు సైకిళ్ళు, కూరగాయల బస్తాలు, స్కూలు పిల్లలు, అందరూ ఎక్కాక ఇంజను అందుకుంటుంది. చిన్న రికార్డర్‌ని తువ్వాల్లో చుట్టి రెయిలింగుకి కట్టండి, మైకు మాత్రం బయటికి ఉండాలి. చేత్తో పట్టుకుంటే వేళ్ళ రాపిడి పడుతుంది. గాలి దెబ్బ తగలకుండా మైకుకి స్పాంజి తొడగండి, అది లేకపోతే పాత ఉన్ని మేజోడు చాలు. వసిష్ఠ మధ్యకి వచ్చాక ఇంజను నిలకడగా ఒకే నాదం పట్టుకుంటుంది. అక్కడ రెండు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా పట్టండి. ఒడ్డు దగ్గర పడ్డాక ఇంజను తగ్గించినప్పుడు ఆ నాదం ఒక్కో మెట్టే దిగుతుంది, దాన్ని కూడా వదలొద్దు. మా పాటకి ముగింపు అక్కడే దొరికింది.

ఇంటికి తెచ్చాక ఆ నాదం ఏ స్వరమో ట్యూనర్‌తో చూడండి. ఉదాహరణకి అది 110 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి, అంటే ఇంగ్లీషు స్వరాల్లో ఏ (A). మీ శ్రుతి డి అయితే ఏడు అర్ధస్వరాలు (హార్మోనియం మీద ఏడు మెట్లు) కిందికి దించితే సుమారు 73 హెర్ట్జ్‌కి వచ్చి మీ షడ్జమం అవుతుంది. ఇప్పుడు దాన్ని సాంప్లర్‌లో (పట్టిన శబ్దాన్ని మీట నొక్కి వాయించే పరికరం) వేసుకుంటే పంటు మీ తంబూరాకి మంద్రం. తోటలో ఆ నాదం మోగగానే ముందు వరసలో ఒక ముసలాయన "రేవు!" అని పైకే అన్నారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

యంత్రానికి ఊపిరి నేర్పడం

పెద్దాయన ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. పాట మొత్తాన్ని ఒకే ట్రాకుగా చేసి ప్లే నొక్కితే గాయకులు దాని వెనక పరిగెత్తాలి. అలా కాకుండా పాటని ఊపిరి తీసుకునే చోట్ల ముక్కలు చెయ్యండి. ఏబుల్టన్ లైవ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ముక్క ఒక్కో క్లిప్పు. ఒక క్లిప్పు మీరు ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది, తర్వాతి క్లిప్పు మీ వేలు పడితేనే మొదలవుతుంది. బృందం ఊపిరి తీసుకుని, నాయకుడి చెయ్యి లేచి, కిందికి దిగేటప్పుడు మీ వేలు కూడా దిగాలి. అంతే కిటుకు. చెప్పడానికి ఒక లైను, నాకు పట్టడానికి మూడు వారాలు.

ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునేవాళ్ళు స్క్రీన్ కాదు, నాయకుడి చెయ్యి చూడాలి. అందుకే ల్యాప్‌టాప్‌ని బృందానికి పక్కగా, నాయకుడు కనిపించే కోణంలో పెట్టండి. వేదిక వెనకో, మిక్సర్ గుడారంలోనో పెడితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఖచ్చితమైన లయ కావలసిన పాటలు ఉంటాయి, దరువు గట్టిగా నడిచేవి. వాటికి నాయకుడి ఒక్క చెవిలో మాత్రం క్లిక్ (లయ కొలిచే టిక్ టిక్ చప్పుడు) పెట్టండి. ముప్పై మందికీ ఇయర్‌ఫోన్లు వద్దు. చెవులు మూసుకుంటే పక్కవాళ్ళ గొంతు వినపడదు, అక్కడితో బృందగానం పోతుంది. భజన జట్టులా కాలం పెరుగుతూ పోయే పాటకి క్లిక్ కూడా తీసేసి, ట్యాప్ టెంపో బటన్ మీద వేలితో తాళాన్ని అనుసరించండి. మా కచేరీలో జనం లేచి చప్పట్లు కొట్టింది ఆ పాటకే.

గొంతుల్నే యంత్రంలోకి తీసుకునే పద్ధతులు రెండు చాలు. మొదటిది పట్టి ఉంచడం: బృందం "ఆ" అని షడ్జమం పట్టిన క్షణాన్ని ఫ్రీజ్ చేస్తే, వాళ్ళు ఆపినా ఆ నాదం గాల్లో నిలబడి ఉంటుంది, దాని మీద వాళ్ళే చరణం పాడతారు. రెండోది వొకోడర్. మాట ఆకారాన్ని సింథసైజర్ నాదానికి తొడుగుతుంది. 1930ల్లో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ టెలిఫోన్ మాటల కోసం తయారుచేసిన పరికరం ఇది, తర్వాత సంగీతంలోకి వచ్చింది. దీన్ని కచేరీ మొత్తంలో ఒక్కచోటే వాడండి. ఎక్కువైతే ఊడుపు పాట పాడే ఆవిడ గొంతుకీ టీవీ ప్రకటన గొంతుకీ తేడా ఉండదు.

సాంకేతికంగా ఒక్క జాగ్రత్త. ల్యాప్‌టాప్ ఆడియో బఫర్ (శబ్దాన్ని పంపేముందు కాస్త పోగుచేసే చోటు) 128 శాంపిళ్ళ దగ్గర, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుంటే ఒకవైపు ఆలస్యం మూడు మిల్లీసెకన్ల లోపే. వైఫై, బ్లూటూత్, అప్‌డేట్లు అన్నీ ఆపెయ్యండి.

మైకులు, స్పీకర్లు

ఒక్కొక్కరికి ఒక్కో మైకు ఇస్తే మోగేది బృందం కాదు, ముప్పై సోలోలు. పైగా తెరిచిన మైకులు రెట్టింపయిన ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్ (మైకు కూత) రాకుండా పెంచగలిగే సౌండు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. బృందాన్ని మూడు వరసల్లో అర్ధచంద్రాకారంగా, వెనక వరసల్ని బల్లల మీద నిలబెట్టండి. ముందు వరసకి రెండు మూడు అడుగుల ఎదురుగా, వాళ్ళ తలలకి రెండు మూడు అడుగుల పైన, మూడు కార్డియాయిడ్ కండెన్సర్ మైకులు (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే సున్నితమైన మైకులు) చాలు. మైకు నుంచి గాయకుడికి ఎంత దూరమో, మైకుకీ మైకుకీ మధ్య దానికి మూడింతలు ఉండాలి. తగ్గితే ఒకే గొంతు రెండు మైకుల్లో పడి డొల్లగా వినిపిస్తుంది. వీటికి మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే మైకుకి వెళ్ళే కరెంటు) వెయ్యాలి. అది మరిచిపోయి మైకు పాడైందనుకోవడం తరచూ జరిగేదే. ఎవరైనా విడిగా చరణం అందుకుంటే వాళ్ళకి మాత్రం చేతి మైకు.

పెద్ద స్పీకర్లు గాయకుల కన్నా ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. బేస్ బాక్సుల్ని మైకులకి వీలైనంత దూరంగా పెట్టండి. పందిళ్ళ సౌండ్ వాళ్ళకి డీజే అలవాటు, బేస్ పైకి లేపేస్తారు. వాళ్ళు పెంచే ముందే బృందం మాత్రమే పాడుతుండగా చెవికి సరిపడే సౌండు కుదిర్చి, దాని కింద ఎలక్ట్రానిక్ శబ్దం ఎక్కించండి. ఎక్కడైనా మాట వినపడకపోతే గొంతు పెంచకండి, యంత్రం తగ్గించండి. గాయకులకి పక్క నుంచి రెండు చిన్న మానిటర్లు, వాటిలో తంబూరా, కాస్త లయ. వాళ్ళ గొంతు వాళ్ళకి తిప్పి వెయ్యొద్దు.

తోట పొడుగ్గా ఉండి వెనకవాళ్ళకి వినపడకపోతే మధ్యలో ఇంకో జత స్పీకర్లు పెడతారు. వేడి గాల్లో శబ్దం సెకనుకి సుమారు 348 మీటర్లు వెళ్తుంది. స్పీకర్లు 25 మీటర్ల వెనక ఉంటే 72 మిల్లీసెకన్ల ఆలస్యం ఇవ్వాలి, దాని మీద ఇంకో పది పదిహేను కలిపితే శబ్దం వేదిక నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఇది చెయ్యకపోతే వెనకవాళ్ళకి ప్రతి మాటా రెండుసార్లు.

తెర మీద ఏం కదలాలి

ఇక్కడ చాలామంది ఇంటర్నెట్‌లో దొరికే మెరుపుల వీడియో వేసేస్తారు. అవి పాటతో ఊపిరి తీసుకోవు. చిత్రం కూడా అక్కడికక్కడ, మనిషి చేత్తో పుట్టాలి. ఈ నేల మీద దానికి కొదవ లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాలు చూడండి, నర్సాపురం బాపుగారి ఊరు. మీ ఊరి డ్రాయింగ్ మాస్టార్ని పిలిచి, కాగితం మీద పైనుంచి కెమెరా పెట్టి, పాట నడుస్తుండగా సిరాతో గీయించండి. అదొక్కటే చాలు చాలాసార్లు.

నాకు మాత్రం నర్సాపురం లేసు మీద మనసు పోయింది. కాలేజీల స్టోర్ రూముల్లో పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు దుమ్ము పట్టి ఉంటాయి, ప్లాస్టిక్ షీటు మీద రాసి గోడ మీద చూపించేవి. అడిగితే ఇస్తారు. దాని గాజు మీద అరచేతి వెడల్పు లేసు ముక్క పరిచి, దీపం వేసి, పైన కటకం ఉన్న ప్రొజెక్టర్ తలని పైకీ కిందికీ తిప్పండి. ముందు బూడిదరంగు మబ్బులా ఉంటుంది. ఇంకొంచెం తిప్పగానే ఒక్కో దారం తాడంత లావున తెరమీదకి వస్తుంది. ప్రతి ముడి, దారం మెలి తిరిగిన చోటల్లా లేచిన నూగు కూడా కనిపిస్తుంది. ముక్కని వేలితో మెల్లగా తిప్పితే ఆ పూవు తెర మీద పెద్దగా తిరుగుతుంది. రెండో ముక్క పైన జరిపితే రెండు వలల మధ్య అలలు పుడతాయి, అచ్చం కాలవలో గాలి రేపిన అలల్లా. లేసు అల్లిన పిన్నిగారు మొదటిసారి చూసి తెర దాకా నడిచి వెళ్ళి, ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ ఒక కుట్టు వదిలేశానండి, ఇన్నాళ్ళూ కనపళ్ళేదు" అన్నారు. కచేరీలో ఆ ముక్కలు తిప్పింది ఆవిడే. పాట ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పకుండానే ఆవిడ చెయ్యి ఆగేది. లేసు ముక్కలకీ, ఆవిడ సమయానికీ డబ్బు ముందే మాట్లాడుకుని ఇవ్వండి.

కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మల కళాకారులకి పేరున్న ఊరు. వాళ్ళని పిలిస్తే వెనక అలంకారంగా వాడుకోవద్దు. వాళ్ళ తెర, వాళ్ళ పాట, వాళ్ళ దరువుతో ఒక భాగం పూర్తిగా వదిలెయ్యండి. మీ సింథసైజర్ వాళ్ళకి శ్రుతి పడితే చాలు.

కొలతలకి వద్దాం. కొత్త కొబ్బరితోటల్లో చెట్టుకీ చెట్టుకీ సుమారు ఎనిమిది మీటర్ల ఎడం ఉంటుంది, అందులో ఆరు మీటర్ల తెర పడుతుంది. డిజిటల్ ప్రొజెక్టర్ అయితే దాని త్రో రేషియోని తెర వెడల్పుతో గుణించండి: 1.5 అయితే తొమ్మిది మీటర్ల దూరం కావాలి. ఆ దారిలో చెట్టు అడ్డం లేకుండా ముందే తాడు లాగి చూడండి. ఆరు మీటర్ల తెరకి ఏడు వేల ల్యూమెన్లు ఉంటే చీకట్లో చక్కగా కనిపిస్తుంది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌కి అంత వెలుగు ఉండదు. కాబట్టి లేసు నడిచేటప్పుడు మిగతా లైట్లన్నీ తియ్యించండి, లేదా ఆ గాజు మీద కెమెరా పెట్టి పెద్ద ప్రొజెక్టర్‌తో చూపించండి. తెరకి తెల్లటి ముతక గుడ్డ, నాలుగు వైపులా సరుగుడు బాదులకి బిగించి, కింది అంచుకి బరువు కట్టండి. సాయంత్రం కాలవ మీంచి వచ్చే గాలికి వదులు గుడ్డ తెరచాప అయిపోతుంది.

తోట, తేదీ, కరెంటు

కొబ్బరితోటలో జనాన్ని కూర్చోబెట్టేముందు దింపు తీయించండి. కాయలే కాదు, ఎండిన మట్టలు కూడా. ఇది అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని, దీనికి మినహాయింపు లేదు. బోదెల (తోటలో నీళ్ళు పారే చిన్న కాలవలు) మీద బల్లలు వేయించి, చీకట్లో కనపడేలా అంచులకి తెల్లగుడ్డ చుట్టండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమలో ఎవర్నీ ఆ నెలల్లో ఆరుబయట కచేరీకి ఒప్పించలేరు, ఒప్పించకూడదు కూడా. జనవరిలో పొగమంచు పరికరాల మీద నీరై దిగుతుంది. పైగా సంక్రాంతి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఎవరికీ తీరిక ఉండదు. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు అయిపోయిన ఫిబ్రవరి మంచిది. అంతర్వేది కల్యాణోత్సవాలు భీష్మ ఏకాదశి చుట్టూ వస్తాయి, ఆ రోజులు తప్పించండి. చర్చి వాళ్ళ శ్రమకాల కూటాలు ఎప్పుడో కూడా కనుక్కోండి.

లౌడ్‌స్పీకర్‌కి పోలీసు స్టేషన్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతం కావచ్చు. ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించేలా చూసుకోండి. పాలు పితకడానికి పెందలాడే లేచేవాళ్ళు చివరిదాకా కూర్చోగలుగుతారు.

కరెంటు దగ్గర నేను ఒకసారి పోగొట్టుకున్నాను. అద్దెకి తెచ్చిన జనరేటర్ కనెక్షన్‌లో న్యూట్రల్ వదులై జారిపోయింది. న్యూట్రల్ పోతే 230 వోల్టులు రావలసిన చోట ఒక ఫేజులో 300 పైన కొడుతుంది. రెండు సెకన్లలో ప్రొజెక్టర్ పోయింది, రెండు లైట్లు పోయాయి. గాయకుల వైపు బోర్డు వేరే కాబట్టి మనుషులకి ఏమీ కాలేదు. అప్పటినుంచి జనరేటర్ దగ్గర ప్రతి బోల్టూ నా కళ్ళముందు బిగించాకే తీగలు కలుపుతాను. మీటర్‌తో మూడు ఫేజులూ చూసి, పది నిమిషాలు బల్బుల మీద నడిపి, అప్పుడు పరికరాలు పెడతాను. మీరూ అలాగే చెయ్యండి. సౌండు ఒక ఫేజు మీద, లైట్లు ఇంకో ఫేజు మీద ఉంచండి. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ యూపీఎస్. ప్రతి బోర్డుకీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), ఎందుకంటే గాయకులు తడి నేల మీద చెప్పులు విడిచి నిలబడతారు. స్పీకర్లలో 50 హెర్ట్జ్ హమ్ వస్తే సౌండ్‌కీ వీడియోకీ ఎర్త్ ఒకే చోట నుంచి ఇచ్చారో లేదో చూడండి. హమ్ పోవాలని ఎర్త్ పిన్ను పీకే పని ఎవర్నీ చెయ్యనివ్వొద్దు.

ఎనిమిది వారాలు

మొదటి మూడు వారాలూ తంబూరా, గొంతులు, అంతే. నాలుగో వారం పంటు శబ్దం పరిచయం చెయ్యండి. ఆరో వారం మైకులు. ఏడో వారం తోటలో, చీకటి పడ్డాక, తెరతో సహా. చీకట్లో నాయకుడి చెయ్యి కనపడదన్న సంగతి మాకు అక్కడే తెలిసింది. ఆయన మణికట్టుకి తెల్ల రుమాలు కట్టి, కింద నుంచి చిన్న దీపం వేశాం. వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర మించకుండా. పనుల నుంచి వచ్చేవాళ్ళు అలిసిపోయి ఉంటారు, టీ, ఉప్మా ముందు పెట్టి తర్వాత పాడించండి.

కచేరీ రోజు మధ్యాహ్నం మూడింటికి అందరి కన్నా ముందు సౌండ్ వాళ్ళు రావాలి. అయిదింటికి బృందంతో ఒక్క పల్లవి, ఒక్క ముగింపు పాడించి చూడండి, పాటంతా పాడించి గొంతులు అరగదీయొద్దు. గోరువెచ్చని నీళ్ళు పక్కన ఉంచండి. ఎవరో ప్రేమగా ఆత్రేయపురం పూతరేకులు తెస్తారు, పాట అయ్యాకే పంచండి, ఆ నెయ్యీ పంచదారా గొంతులో పట్టుకుంటాయి.

చివరి పాటలో యంత్రం ముందు ఆగాలి. పంటు ఇంజను మెట్లు దిగి ఆగిపోయాక ఇంకో ఎనిమిది ఆవృత్తాలు గొంతులే పాడాలి, చివరి రెండు ఆవృత్తాలకి మైకులు కూడా తగ్గించెయ్యండి. జనం ముందుకి వంగి వింటారు.

అయ్యాక జనరేటర్ ఆపేముందు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ పద్ధతిగా ఆపండి. ప్రొజెక్టర్ ఫ్యాను ఆగేదాకా ఆగండి. రికార్డింగ్‌ని అక్కడే రెండు డ్రైవుల్లోకి తియ్యండి. మంచు దిగకముందే తెర విప్పి మడవండి. లేసు ముక్కలు లెక్కపెట్టి పిన్నిగారి చేతికి ఇవ్వండి. మర్నాడు పొద్దున్న భజన మండలి పెద్దాయన ఇంటికి వెళ్ళి రికార్డింగ్ వినిపించండి. మా మావయ్యగారు మొత్తం విని, "రెండో పాటలో మూడో చరణం దగ్గర తొందరపడ్డావురా" అన్నారు. అది నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.